ముందు రిమోట్.. తరవాతే డ్రోన్!

పెళ్లిలో డ్రోన్, పొలంలో డ్రోన్, వరదలో డ్రోన్. 'మనమూ ఒకటి ఎగరేస్తే!' అనిపించడం సహజం. తొలి రూపాయి దేనిమీద పెట్టాలి, ఎక్కడ ఎగరేయాలి, బ్యాటరీతో ఎలా మసలుకోవాలి? కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం..

ఆన్‌లైన్ దుకాణంలో 'డ్రోన్' అని కొట్టండి. మొదటి వరసలోనే రూ.2,500కో రూ.3,000కో ఒకటి కనిపిస్తుంది. మడతపెట్టే చేతులు, ముందొకటి కిందొకటి కెమెరాలు, పక్కన 'ఫోర్‌కే', 'అడ్డొస్తే తనే తప్పుకుంటుంది' అని పెద్దక్షరాలు. ఫొటోలో మాత్రం అది మంచుకొండల మీద ఎగురుతుంటుంది. కాస్త కిందికి జరిపి చిన్నక్షరాలు చదివితే అసలు సంగతి బయటపడుతుంది. మోటారు దగ్గర 'బ్రష్‌డ్' అనో 'కోర్‌లెస్' అనో ఉంటుంది. లోపల బ్రష్‌లు రాసుకుంటూ తిరిగే మోటారన్నమాట. కొన్ని గంటలు తిరిగేసరికి అరిగిపోతుంది. జీపీఎస్ ఊసే ఉండదు. ఆ ఫోర్‌కే కూడా చాలాసార్లు చిన్న బొమ్మను సాఫ్ట్‌వేర్ సాగదీసి చూపించేదే. వీడియో ఫోన్‌కు వైఫైలో రావాలి కాబట్టి, డబ్బా మీద రాసిన దూరానికి చాలా ముందే తెర ఆగిపోతుంది. డాబా మీద నుంచి లేపితే పిట్టగోడ దాటేవరకే అది మన మాట వింటుంది, ఆ తరవాత గాలి మాటే.

ఇటు ఈ బొమ్మ, అటు అప్పుచేసి కొనే లక్ష రూపాయల కెమెరా డ్రోన్. కొత్తవాళ్లలో చాలామంది ఈ రెండు కొసల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుంటారు. బొమ్మ కొన్నవాళ్లు వారానికే విసుగెత్తి అటకమీద పడేస్తారు. ఖరీదైనది కొన్నవాళ్లు పడిపోతుందేమోనన్న భయంతో పెట్టెలోంచి తియ్యరు. ఈ రెంటికీ మధ్యన ఒక దారి ఉంది. అమ్మేవాళ్లు దాని గురించి పెద్దగా చెప్పరు. ఎందుకంటే ఆ దారిలో మొదటి నెల అసలు డ్రోనే కొననక్కర్లేదు.

సినిమాలోంచి పొలంలోకి

2009లో '3 ఇడియట్స్' సినిమాలో ఇంజినీరింగ్ విద్యార్థి నాలుగు రెక్కల యంత్రానికి కెమెరా కట్టి ఎగరేయాలని తంటాలు పడుతుంటే, మనలో చాలామంది అలాంటిది చూడటం అదే మొదలు. మరుసటి ఏడు ఫ్రెంచ్ కంపెనీ పారట్ ఫోన్‌తో నడిచే ఏఆర్ డ్రోన్‌ను చూపించింది. 2013లో డీజేఐ ఫాంటమ్ వచ్చాక, సొంతంగా బిగించుకునే ఓపిక లేనివాళ్లకూ ఈ సరదా అందుబాటులోకి వచ్చింది. మన దగ్గర 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపే ప్రయోగం మొదలైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో డాబాల మీద చిక్కుకున్నవాళ్లకు డ్రోన్లు ఆహారం చేరవేశాయి. ఆ మరుసటి నెల అమరావతి డ్రోన్ సదస్సు సందర్భంగా పున్నమి ఘాట్ మీద ఐదు వేలకు పైగా డ్రోన్లు ఒకేసారి లేచి ఆకాశంలో బొమ్మలు గీశాయి. కృష్ణ ఒడ్డున మెడలు నొప్పెట్టేలా చూసినవాళ్లలో ఎంతోమంది ఆ రాత్రే ఫోన్‌లో ధరలు వెతికి ఉంటారు.

ఆ ప్రదర్శనలో ఎగిరినవాటిని కంప్యూటర్ నడిపింది. సరదాకి ఎగరేయడంలో నడిపేది మన రెండు బొటనవేళ్లే. కొనేముందు తేల్చుకోవాల్సిన తేడా ఇదే.

చెయ్యి తిరిగేది ఎక్కడ?

డ్రోన్లను స్థూలంగా రెండు జాతులు అనుకోవచ్చు. జీపీఎస్ ఉన్న కెమెరా డ్రోన్ ఒకటి. స్టిక్కులు వదిలేస్తే గాల్లో అలాగే నిలబడుతుంది. సిగ్నల్ పోతే లేచిన చోటికి తనే తిరిగొస్తుంది. సైకిల్ నేర్చుకునేటప్పుడు వెనక నాన్న క్యారియర్ పట్టుకున్నట్టే ఉంటుంది. ఫొటోలకు అది దివ్యంగా పనికొస్తుంది. కానీ ఆ చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు వదిలేస్తుంది. ఎత్తయిన భవనాల సందుల్లో ఉపగ్రహాలు అందవు. నీళ్లకు దగ్గరగా ఎగిరితే ఇంకో చిక్కు. కిందున్న కెమెరా నేలను చూసి స్థానం పోల్చుకుంటుంది కదా, కదిలే నీటిని చూసి తానే కదులుతున్నానని భ్రమపడి, సరిదిద్దుకోబోయి పక్కకు కొట్టుకుపోతుంది. గోదావరి గట్టున అల మీద షాట్ తీద్దామని అడుగు ఎత్తులో నడిపేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఆ క్షణంలో దాన్ని కాపాడాల్సింది మన చెయ్యే. అప్పటిదాకా అంతా యంత్రమే చేసిపెడితే చేతికి ఏం తెలుస్తుంది?

రెండోది ఎఫ్‌పీవీ జాతి. డ్రోన్ ముక్కుమీద చిన్న కెమెరా, మన కళ్లకు గాగుల్స్. లోపల కూర్చుని నడుపుతున్నట్టు ఉంటుంది. జీపీఎస్ సాయం సాధారణంగా ఉండదు. ఇందులోనే అరచేతిలో ఇమిడే పిల్లది ఒకటుంది.. టైనీ వూప్. ఒక మోటారు నుంచి ఎదురు మూల మోటారుకు 65 మిల్లీమీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు 30 గ్రాములకు అటూ ఇటూ. రెక్కల చుట్టూ ప్లాస్టిక్ వలయాలు ఉంటాయి కాబట్టి గోడకు గుద్దుకుంటే గోడా బాగానే ఉంటుంది, అదీ బాగానే ఉంటుంది. ఒక బ్యాటరీకి మూడు నాలుగు నిమిషాలు ఎగురుతుంది. హాల్లో సోఫాకూ టీవీకీ మధ్య నేర్చుకోవచ్చు. పైన తిరిగే ఫ్యాను ఆపడం, పొడుగు జుట్టున్నవాళ్లు ముడి వేసుకోవడం మాత్రం మరవకూడదు.

నా ఓటు వూప్‌కే. అయితే దానికన్నా ముందు కొనాల్సింది మరొకటి.

తొలి రూపాయి

అది రిమోట్. ఎగరేసేవాళ్ల భాషలో రేడియో. బొమ్మ డ్రోన్‌తో వచ్చే రిమోట్ ఆ బొమ్మకే పనికొస్తుంది. విడిగా కొనే రేడియో అలా కాదు, ఇవాళ వూప్‌కూ రేపు పెద్ద డ్రోన్‌కూ ఎల్లుండి రిమోట్ విమానానికీ అదే. రేడియోమాస్టర్ పాకెట్ లాంటి చిన్న రకం పది వేల లోపే దొరుకుతుంది. కొనేటప్పుడు రెండు చూసుకుంటే చాలు. స్టిక్కుల కింద హాల్ సెన్సర్లు ఉండాలి, రాపిడి ఉండదు కాబట్టి త్వరగా అరగవు. లోపల 'ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్' ఉండాలి, ఇప్పుడు ఎక్కువ వూప్‌లు వినే భాష అదే. మోడ్ 2 తీసుకోండి. ఎడమ స్టిక్ పైకీ కిందికీ జరిపితే ఎత్తు, పక్కలకు జరిపితే ముక్కు తిరుగుతుంది. కుడి స్టిక్‌తో ముందూ వెనకా, ఎడమా కుడీ.

ఇక ఆ రేడియోను యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు కలపండి. జాయ్‌స్టిక్‌గా గుర్తిస్తుంది. లిఫ్టాఫ్, వెలాసిడ్రోన్, అన్‌క్రాష్‌డ్ లాంటి సిమ్యులేటర్లు ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్ అయితే వెలాసిడ్రోన్ మేలు, పెద్ద గ్రాఫిక్స్ అడగదు. గేమ్ ప్యాడ్‌తో ఆడితే వేళ్లకు తప్పుడు అలవాటు పడుతుంది. దాని స్టిక్ వదలగానే మధ్యకు వచ్చేస్తుంది, డ్రోన్ రేడియోలో ఎత్తు మార్చే థ్రాటిల్ స్టిక్ పెట్టిన చోటే ఉండాలి. పది గంటలు సిమ్యులేటర్‌లో గడిపినవాళ్లు బయట విరగ్గొట్టే రెక్కల్ని లెక్కపెట్టి చూడండి, రేడియో ఖరీదు అందులోనే తిరిగొచ్చేస్తుంది. తెరమీద ఎన్నిసార్లు కూల్చినా ఒక్క బటన్‌తో మళ్లీ లేస్తుంది. ఆ సౌఖ్యం బయట దొరకదు.

'నాకు ఆటలు వద్దు, నిజంగా ఎగరేయాలి' అని దీన్ని దాటేసేవాళ్లను చూస్తుంటాం. వాళ్లకు చెప్పి లాభం లేదు. కొబ్బరి చెట్లు చెబుతాయి.

ముక్కు మనవైపు తిరిగితే..

నాలుగు రెక్కల్లో రెండు గడియారం ముల్లు తిరిగినట్టు, రెండు దానికి ఎదురుగా తిరుగుతాయి. ఎదురెదురు మూలల్లోవి ఒకే వైపు తిరుగుతాయి. అందుకే దాని ఒళ్లు గిరగిరా తిరక్కుండా నిలుస్తుంది. ఒక జత వేగం పెంచి, రెండో జత తగ్గిస్తే ముక్కు పక్కకు తిరుగుతుంది. వెనక రెండూ వేగం పెంచితే తోక లేచి ముందుకు పోతుంది. ఇందులో కొత్తవాళ్లను పడేసే కిటుకు ఒకటుంది. ముందుకు వంగినప్పుడు పైకి ఎత్తే బలంలో కొంత ముందుకు నెట్టడానికి ఖర్చయిపోతుంది కాబట్టి ఎత్తు తగ్గుతుంది. కుడిచేత్తో ముందుకు నెట్టిన ప్రతిసారీ ఎడమచేత్తో కాస్త థ్రాటిల్ కలపాలి. రెండు చేతులూ ఇలా ఒకదానికొకటి జవాబివ్వడం అలవాటయ్యేదాకా డ్రోన్ గంతులేస్తూనే ఉంటుంది.

మొదట తోక మనవైపు ఉంచి, నడుము ఎత్తులో ఒక్కచోట నిలపడం. గాగుల్స్ ఇంకా కొనొద్దు, కళ్లతో చూస్తూనే. ఒక బ్యాటరీ అంతా అక్కడే నిలపగలిగితే అప్పుడు చతురస్రం. ఆ తరవాత అసలు పరీక్ష. ముక్కును మనవైపు తిప్పి నిలపాలి. ఇప్పుడు స్టిక్ కుడికి నెడితే డ్రోన్ దాని కుడికి పోతుంది, అంటే మన ఎడమకు. అది ఎడమకు పోతోందని కంగారుపడి స్టిక్‌ను ఇంకా కుడికి నొక్కుతాం. ఇంకా ఎడమకు పోతుంది. బుర్రకు తెలిసినా వేళ్లకు తెలియని పాఠం ఇది. పాతవాళ్లు చెప్పే ఉపాయం: డ్రోన్ ఎటు ఒరిగిపోతుంటే స్టిక్‌ను అటువైపే నెట్టి, పడబోయేదానికి ఆసరా ఇస్తున్నామనుకోవాలి. విచిత్రంగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. ఆపైన ఎనిమిది అంకె. అది రెండు వైపులా నున్నగా గీయగలిగితే చెయ్యి తిరిగినట్టే.

వీటన్నిటికన్నా ముందు వేళ్లకు పట్టాల్సిన అలవాటు, మోటార్లు ఆపే స్విచ్. చెయ్యిదాటిపోతోందనిపిస్తే కాపాడాలని చూడొద్దు, స్విచ్ కొట్టేయండి. గడ్డిలో పడిన దాన్ని తీయడానికి వెళ్లేముందూ అదే. వూప్ రెక్క తగిలితే చురుక్కుమంటుంది. ఐదంగుళాల రెక్కలున్న డ్రోన్ అయితే వేలు తెగ్గొడుతుంది. అందుకే బల్లమీద పెట్టి మరమ్మతు చేసేటప్పుడు, కంప్యూటర్‌కు కలిపి బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగులు మార్చేటప్పుడు రెక్కలు పీకేసి పెట్టడం ఈ సరదాలో మొదటి ఆచారం.

ఉబ్బితే నమ్మొద్దు

డ్రోన్ బ్యాటరీని ఫోన్ బ్యాటరీలా చూడకూడదు. ఇది లిథియం పాలిమర్, వాడుకలో లైపో. గట్టి డబ్బా ఉండదు, వెండిరంగు సంచీలాంటి తొడుగులో ఉంటుంది. ఒక్కో సెల్ మామూలుగా 3.7 వోల్టులు, నిండితే 4.2. ఎల్‌ఐహెచ్‌వీ అని రాసి ఉన్నవాటిని 4.35 దాకా నింపొచ్చు. మామూలు లైపోను అంతదాకా తీసుకెళ్తే ముప్పే. ఎగురుతుండగా సెల్ 3.5కు చేరిందంటే దించే వేళయింది. 3 కంటే కిందికి పోయిందా, దాని ఆయుష్షు కరిగిపోతుంది. మీద '4ఎస్' అంటే నాలుగు సెల్‌లు వరసగా కలిపారని.

ఎక్కువ బ్యాటరీలను చంపేది ఎగరేయడం కాదు, ఎగరేయకపోవడం. శనివారం రాత్రి ఉన్న బ్యాటరీలన్నీ నిండుగా చార్జి చేస్తారు. ఆదివారం వాన. సరే వచ్చేవారం అనుకుంటారు. వారమంతా 4.2 దగ్గర నిండుకుండల్లా కూర్చున్నవి లోపల్లోపల పాడై, వాయువు పట్టి ఉబ్బుతాయి. రెండు మూడు రోజుల్లో వాడమనుకుంటే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. మంచి చార్జర్‌లో 'స్టోరేజ్' అనే మీట ఉంటుంది, నిండినదాన్ని దించి, ఖాళీదాన్ని పెంచి తనే అక్కడికి తెస్తుంది. కెమెరా మీద పెట్టాలనుకున్న డబ్బులో కొంత ఈ చార్జర్ మీద పెట్టండి.

చార్జింగ్ వేగానికి లెక్క తేలికే. 300 ఎంఏహెచ్ బ్యాటరీకి 0.3 ఆంపియర్లు, 1500 అయితే 1.5. అంతకన్నా తొందర వద్దు. ఎగిరొచ్చిన బ్యాటరీ వెచ్చగా ఉంటుంది, చల్లారాకే చార్జర్‌కు పెట్టాలి. పెట్టాక ఆ గదిలో మనిషి ఉండాలి, పడుకునేముందు పెట్టి వదిలేసే పని కాదిది. పరుపుమీదా కర్టెన్ పక్కనా కాకుండా గచ్చుమీద పెట్టి, అందుబాటులో ఒక బకెట్ ఇసుక ఉంచుకోండి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో ఆపిన కారు లోపల బ్యాటరీలు వదిలి భోజనానికి వెళ్లడం లాంటి సాహసం చేయొద్దు. ఉబ్బినదాన్ని 'ఇంకొక్కసారి' అని వాడొద్దు. చెత్తబుట్టలోనూ వేయొద్దు, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వాలి. విమానంలో వెళ్లేటప్పుడు విడి బ్యాటరీలు చేతిసంచీలోనే, లగేజీలో వేయనివ్వరు.

ఆకాశం ఎవరిది?

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు ఈ సరదాకు చాలావరకు తలుపులు తెరిచాయి. 250 గ్రాముల వరకూ ఉన్నవి నానో. వీటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 250 గ్రాముల నుంచి 2 కిలోల వరకు మైక్రో. వ్యాపారానికి కాకుండా సరదాకి ఎగరేస్తే వీటికీ అక్కర్లేదు. పెళ్లికి షూట్ చేసి డబ్బు తీసుకుంటే మాత్రం సర్టిఫికెట్ కావాలి. దానికి పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి, గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకోవాలి. బేగంపేటలోని తెలంగాణ ఏవియేషన్ అకాడమీ అలాంటిదే. మైక్రో డ్రోన్‌కు యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. కెమెరా డ్రోన్లు కొన్ని పట్టుబట్టి 249 గ్రాములు తూగడం వెనక రహస్యం ఈ 250 గ్రాముల గీతే. చాలా దేశాల్లో ఇలాంటి గీతే ఉంది. అలాంటి డ్రోన్‌కు రెక్కల రక్షణ వలయాలు తగిలించినా, పెద్ద బ్యాటరీ వేసినా గీత దాటి మైక్రో అయిపోతుందని అమ్మేవాళ్లు చెప్పరు.

బరువు సంగతి తేలాక చోటు సంగతి. కేంద్రప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో దేశమంతా మూడు రంగుల్లో ఉంటుంది. పచ్చచోట 400 అడుగుల వరకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యన అయితే 200 అడుగులే. పసుపుచోట విమాన రాకపోకలను నియంత్రించే ఏటీసీ అనుమతి కావాలి. ఎరుపుచోట కేంద్రప్రభుత్వ అనుమతి ఉండాలి, సరదాకి ఎగరేసేవాళ్లు ఆ ఊసే ఎత్తకపోవడం మేలు. హైదరాబాద్ మ్యాప్ తెరిచి చూడండి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్.. నాలుగు దిక్కులా రన్‌వేలే. విశాఖలో విమానాశ్రయమే నౌకాదళం స్థావరంలో ఉంది. కాబట్టి ఆర్కే బీచ్‌లో సూర్యోదయం తీద్దామన్న కోరిక ముందు మ్యాప్‌ను దాటాలి. తిరుమల కొండమీద డ్రోన్ మాటే ఎత్తకూడదు. అభయారణ్యాల్లో, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోటల దగ్గర, గుళ్ల దగ్గర ముందస్తు అనుమతి లేనిదే కుదరదు. ఇవికాక పెద్దవాళ్ల పర్యటనలప్పుడూ, జెండా పండుగలప్పుడూ, వినాయక నిమజ్జనం వేళల్లోనూ పోలీసు కమిషనర్లు విడిగా నిషేధాజ్ఞలు ఇస్తుంటారు. పచ్చచోటే కదా అని ఆ రోజు లేపితే కేసే.

అదృష్టం ఏమంటే ఊళ్లలో చోటుకు కొదవలేదు. కోతలయ్యాక ఎండిన వరిపొలాలు మెత్తని మైదానాలు. రైతును అడిగి లేపండి, అడిగితే కాదనేవాళ్లు తక్కువ, చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువ. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య గాలి నెమ్మదిగా ఉంటుంది. చుట్టూ పిల్లలు మూగితే దించేయడమే మంచిది. కరెంటు తీగలు ఆకాశం నేపథ్యంలో కనిపించవు, స్తంభాలు చూసి తీగ ఎక్కడుందో ఊహించుకోవాలి. గద్దలు తమ హద్దులోకి వచ్చిందని మీదపడతాయి, ఒకటి చుట్టూ తిరగడం మొదలుపెడితే ఆ పూటకు చాలించండి. సంక్రాంతి మూడు రోజులూ డ్రోన్ పెట్టెలోనే ఉండాలి, మాంజా రెక్కలకు చుట్టుకుంటే దాన్ని ఎవరూ ఆపలేరు. పక్కింటివాళ్ల డాబామీదికి కెమెరా తిప్పడం గురించి వేరే చెప్పాలా?

పడ్డాక..

పడుతుంది. ఎఫ్‌పీవీ వాళ్ల దగ్గర ఎప్పుడూ రెక్కల సెట్లు నాలుగైదు, 1.5, 2 మిల్లీమీటర్ల హెక్స్ డ్రైవర్లు, టంకం వేసే ఇనుము ఉంటాయి. రెక్కలు మార్చేటప్పుడు ఏది ఎటు తిరిగేదో సరిచూసుకోండి. ఒకటి తారుమారైనా లేవబోతూనే తిరగబడుతుంది, కొత్తవాళ్లలో సగంమంది 'డ్రోన్ పాడైంది' అని తెచ్చే ఫిర్యాదు ఇదే. టంకం సామాను, తీగలు, హీట్ ష్రింక్ గొట్టాలు హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో చవగ్గా దొరుకుతాయి.

మరమ్మతు నేర్చుకోవడానికి మన దేశంలో ఇంకో కారణం ఉంది. 2022 ఫిబ్రవరి 9 నుంచి తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. విడదీసి, సగం బిగించి తెచ్చినా నిషేధమే. పరిశోధన, రక్షణ అవసరాలకే మినహాయింపు. విడిభాగాలకు మాత్రం అడ్డు లేదు. ఫ్రేము, మోటార్లు, ఫ్లైట్ కంట్రోలర్, కెమెరా అమ్మే దుకాణాలు మన దగ్గరే ఉన్నాయి. వూప్‌కైతే మోటార్లు చాలావరకు కనెక్టర్‌తో బోర్డుకు తగిలించేవే. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే బిగించేయొచ్చు. మనం బిగించింది పడితే ఏ ముక్క మార్చాలో కూడా మనకే తెలుస్తుంది.

ఇంతా చేశాక కెమెరా డ్రోనే కావాలనిపిస్తే సంతోషం. అప్పటికి చేతులు సిద్ధంగా ఉంటాయి. మార్కెట్లో తిరిగేవాటిలో దొడ్డిదారిన వచ్చినవి చాలా ఉన్నాయి. వాటికి బిల్లు ఉండదు, వారంటీ ఉండదు, మైక్రో అయితే యూఐఎన్ తెచ్చుకోవడమూ కష్టమే. పాతది కొంటుంటే అమ్మేవాళ్ల ఎదుటే యాప్ తెరిచి బ్యాటరీ ఎన్నిసార్లు చార్జి అయిందో చూడండి. ఆన్ చేసి కెమెరా మెడ తడబడకుండా తిరుగుతోందో లేదో గమనించండి. రెక్కల అంచులు వేలితో తడిమి చూడండి, గరుకుగా ఉంటే అది ఎక్కడో గీసుకుందన్నమాట. బిల్లు అడగండి. డబ్బు ఇచ్చేముందు, పాత యజమాని తన ఖాతా నుంచి ఆ డ్రోన్‌ను మీ కళ్లముందే తొలగించాలి. అది చేయకుండా ఆయన ఫోన్ కట్ చేసేస్తే, మీ చేతిలో ఉన్న డ్రోన్ ఇంకా ఆయనదే.